వెనుదిరిగి చూస్తేనే కృతజ్ఞత

పరీక్షా ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం మన సంఘాల్లో ఆరాధన కాస్త ఎక్కువసేపు సాగుతుంది. ప్రసంగం ముగిశాక పాస్టరుగారు సాక్ష్యాలకు సమయమిస్తారు. పాసైన పిల్లలు వరుసగా ముందుకొచ్చి మైకు పట్టుకుంటారు. మార్కులు చెబుతారు, దేవునికి స్తోత్రం చెబుతారు. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర లడ్డూలు పంచుతారు. మూడేళ్ల క్రితం ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చినప్పుడు మేము ముగ్గురం అలాగే నిలబడ్డాం. ఒకే సండేస్కూలులో, ఒకే చాపమీద కూర్చుని కంఠతా వాక్యాలు అప్పజెప్పిన స్నేహితులం. నిజానికి ఆ చాపమీద కూర్చున్నది నలుగురం. నాలుగోవాడు ఆ రోజు చివరి వరుసలో గోడకానుకుని ఉన్నాడు. ఆశీర్వాద ప్రార్థనకు ముందే లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మందిరానికి రాలేదు. ఆ సంగతి మేము గమనించేసరికే రెండు నెలలు గడిచిపోయాయి. గమనించాక కూడా ఊరుకున్నాం.

ఈ ఏడాది మా డిగ్రీ పూర్తయింది. మళ్లీ సాక్ష్యం చెప్పమని సంఘ పెద్దలు అడిగారు. ఈసారి మైకు పట్టుకునే ముందు మాలో మేమే ఒక ప్రశ్న వేసుకున్నాం. ఆ రోజు మేము చెప్పింది నిజంగా కృతజ్ఞతేనా?

యేసుప్రభువు చెప్పిన ఉపమానంలో ఇద్దరు మనుషులు ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లారు (లూకా 18:9-14). పరిసయ్యుడి ప్రార్థనను చిన్నప్పటి నుంచి గర్వానికి ఉదాహరణగానే విన్నాం. ఈమధ్య మళ్లీ చదువుతుంటే ఒకచోట మా చూపు ఆగిపోయింది. అతని ప్రార్థన మొదలయ్యేదే కృతజ్ఞతతో! అందులో ఒక్క విన్నపం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఉపవాసం గురించి, దశమభాగం గురించి అతను చెప్పుకున్నవి అబద్ధాలని ప్రభువు కూడా అనలేదు. మరి లోపం ఎక్కడుంది? అతని స్తుతి నిలబడాలంటే పక్కన ఒకడు పడిపోయి ఉండాలి. ఆ సుంకరిని వేలెత్తి చూపించకుండా దేవునికి వందనాలు చెల్లించడం అతనికి చేతకాలేదు.

మేము ఎవరినీ కించపరచాలనుకోలేదు. అయినా, ఈసారి పేపరు కష్టంగా వచ్చి చాలామంది ఫెయిలయ్యారు, దేవుడు మాత్రం నన్ను దాటించాడు అనే మాట మాలో ఒకరి నోట వచ్చింది. మిగతా ఇద్దరం తలూపాం. చివరి వరుసలో కూర్చున్నవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? దేవుడు మమ్మల్ని చేయిపట్టి దాటించాడంటే, తనను ఈ ఒడ్డునే వదిలేశాడని కదా!

పదిమంది కుష్ఠరోగుల సంగతి కూడా మన సంఘాల్లో అందరికీ తెలిసిందే (లూకా 17:11-19). తిరిగిరాని తొమ్మిదిమందిని మనం తేలిగ్గా తప్పుపడతాం. కానీ వాళ్లు ఆజ్ఞ మీరిన వాళ్లు కారు. వెళ్లి యాజకులకు కనబరచుకోమని ప్రభువే చెప్పాడు. వాళ్లు ఆ పనిమీదే వెళ్తున్నారు. యాజకుడు చూసి శుద్ధుడని చెబితేనే ఊరు రానిస్తుంది, ఇల్లు రానిస్తుంది. ఒక రకంగా వాళ్లు తమ సర్టిఫికెట్టు కోసం పరుగెడుతున్నారు. ఒక్క సమరయుడు మాత్రం ఆ పరుగు ఆపి వెనక్కి తిరిగాడు. అంతకుముందు దూరంగా నిలబడి కేకలు వేసినవాడు ఇప్పుడు పాదాల దగ్గరికొచ్చి సాగిలపడ్డాడు. ఎదగడమంటే ఇదేనేమో అని మాకిప్పుడు అనిపిస్తోంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, సొంతిల్లు అంటూ ముందుకు పరుగెత్తడం లోకమంతా నేర్పుతుంది. ఆగి వెనక్కి తిరగడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే.

అలా తిరిగి చూస్తే మాకేం కనబడింది? మాలో ఒకరి అమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రం ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ చేతుల మంట పోయేది కాదు. ఆ వేళ్లు తగిలితే పిల్లాడి కళ్లు మండుతాయని మోచేత్తో దగ్గరికి తీసుకునేది. చిన్నప్పుడు వాడు అది అమ్మకు అలవాటనుకున్నాడు. ఇంకొకరి నాన్న ఆటో నడిపేవాడు. పరీక్షల రోజుల్లో కిరాయిలు వదులుకుని నలుగురినీ సెంటరు దగ్గర దించి, పరీక్ష అయ్యేదాకా చెట్టుకింద కాచుకుని ఉండేవాడు. మూడోవాడి పదో తరగతి ఫీజు కట్టిందెవరో ఇప్పటికీ తెలియదు. సంఘంలోనే ఒకరు, పేరు చెప్పొద్దని పాస్టరుగారి చేతిలో పెట్టి వెళ్లారట. మా సండేస్కూలు టీచరమ్మ వాక్యంతో పాటు ఎక్కాలు కూడా అప్పజెప్పించుకునేది. మూడేళ్ల క్రితం మా సాక్ష్యంలో వీళ్లలో ఒక్కరి ప్రస్తావన కూడా లేదు.

సమూయేలు తల్లి హన్నా ఏటేటా కొడుక్కి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). కొడుకు షిలోహు మందిరంలో, తాను రామాలో. ఏడాదికోసారి బలి అర్పించడానికి వెళ్లినప్పుడే ఆమె ఆ అంగీ అందించేది. పక్కన నిలబెట్టి కొలత తీసుకునే వీల్లేదు. ఈపాటికి ఇంత పొడవు పెరిగి ఉంటాడు, భుజాలు ఇంత వెడల్పయి ఉంటాయి అని మనసులోనే కొలుచుకుని కుట్టి ఉంటుంది. మా ఎదుగుదల కూడా ఎవరో ఒకరు కడుపు కట్టుకుని, ముందుగానే ఊహించి కుట్టిన అంగీయే. దాన్ని తొడుక్కుని వేదికెక్కి, నా కష్టానికి దేవుడిచ్చిన ఫలం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, కుట్టిన చేతులు ఏమైనట్టు?

ఇంకాస్త వెనక్కి చూస్తే మా తాతల కాలం కనబడుతుంది. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1842 జూలై 31న గుంటూరు చేరుకున్నాడు. ఆయన వెనక బడులు వచ్చాయి. నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు 1885లో పునాది పడింది. పలక పట్టుకునే హక్కే లేదన్న వాడల పిల్లలకు అక్షరాలు అందాయి. అయితే ఈ కథ మిషనరీలతోనే నడవలేదు. వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని పనికని వేరే కుండలో వేసిన అమ్మలు మన పాత సంఘాల్లో ఉండేవారు. తమకే చాలని బియ్యం అవి. తాము ఎన్నడూ ఎక్కని బడిమెట్లు మనవళ్లు ఎక్కాలని ఆశపడ్డ ఆ తల్లుల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. మా డిగ్రీ పట్టాలో వాళ్ల పిడికిళ్లున్నాయి.

ఇంత చూశాక నాలుగోవాణ్ని చూడకుండా ఉండలేకపోయాం. పోయిన నెల ముగ్గురం కలిసి వెతుక్కుంటూ వెళ్లాం. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు మోస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వి, పక్కనే ఉన్న బడ్డీకొట్టు దగ్గర టీ తాగించాడు. డబ్బులు తనే ఇచ్చాడు. క్షమించమని అడిగితే, "మీమీద కోపమేం లేదురా. ఆ రోజు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికెళ్లాక మా అమ్మ అడిగింది, మనం చేసిన ప్రార్థనేం తక్కువైందిరా అని. దానికే నా దగ్గర జవాబు లేకపోయింది" అన్నాడు.

అతను తప్పింది లెక్కల్లో ఒక్క పేపరు. సప్లిమెంటరీ పరీక్షకు ఇంకా నెల రోజులుంది అప్పటికి. మేము ముగ్గురం లెక్కల్లో మంచి మార్కులతో పాసైనవాళ్లమే. ఆ నెలంతా సాయంత్రాలు మాకు ఖాళీయే. గ్రౌండులో క్రికెట్ ఆడుకున్నాం. ఆ తల్లి ప్రార్థనకు దేవుడు సిద్ధం చేసిన జవాబు బహుశా మేమే. మేము వెళ్లలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఆ రోజు మందిరంలో మోగిన చప్పట్లు చెవుల్లో గుచ్చుకుంటున్నాయి.

అలాగైతే సాక్ష్యాలే మానేయాలా అని పెద్దలు అడగవచ్చు. మానేయమని కాదు మా మనవి. సాక్ష్యం ఎలా చెప్పాలో ధర్మశాస్త్రమే చూపించింది. ప్రథమ ఫలాల గంప తెచ్చిన ఇశ్రాయేలీయుడు యాజకుని ముందు ఏం చెప్పాలో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉంది. అతను తన పొలం గొప్పతో మొదలుపెట్టడు. దేశం పట్టి తిరిగిన తన పితరుడితో, ఐగుప్తు దాస్యంతో, తమ మొర విన్న దేవునితో మొదలుపెడతాడు. అతని గంప ఆ కథలో చిట్టచివరికి వస్తుంది. అక్కడితో అయిపోలేదు. దేవుడిచ్చిన మేలును సొంత పొలం లేని లేవీయుడితో, తమ మధ్య ఉన్న పరదేశితో కలిసి అనుభవించి సంతోషించమని ఆజ్ఞ. ఏమీ లేనివాడు పక్కన కూర్చుని తినకపోతే ఆ కృతజ్ఞతార్పణ సగమే అయినట్టు.

మన ఫలితాల ఆదివారం కూడా అలా ఎందుకు ఉండకూడదు? పాసైనవాళ్లనే కాకుండా, పరీక్ష రాసిన పిల్లలందరినీ ముందుకు పిలిచి ప్రార్థన చేయవచ్చు. తప్పినవాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే పాస్టరుగారో, ఒక పెద్దో వెళ్లిరావచ్చు. సంఘంలో ఉపాధ్యాయులున్నారు, ఇంజనీర్లున్నారు, మాలాంటి విద్యార్థులున్నాం. సప్లిమెంటరీ దాకా మందిరంలోనే రోజూ రెండు గంటలు చదువు చెప్పవచ్చు. లడ్డూల ఖర్చులో కొంత పరీక్ష ఫీజులకు పక్కన పెట్టవచ్చు. ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక విద్యార్థులు వరుసగా ప్రాణాలు తీసుకున్న వార్తలు చదివి రాష్ట్రమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లలకు దాపుగా ఎక్కడో ఒక గుడో, మసీదో, చర్చో ఉండే ఉంటుంది. మార్కుల కాగితం కన్నా నువ్వే మాకు ముఖ్యం అని చెప్పే మనిషి ఒక్కడు సమయానికి దొరకడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇక మా ముందున్న దారి సంగతి. చేతిలో పట్టా ఉంది, ఉద్యోగం లేదు. ఒకరు బీఈడీ ప్రవేశపరీక్షకు, ఒకరు పోటీపరీక్షలకు చదువుతున్నారు. మూడోవాడు ఇంట్లో ఇబ్బందివల్ల దొరికిన పనిలో చేరిపోయాడు. వచ్చే ఏడాది చెప్పుకోవడానికి మా దగ్గర ఏ విజయమూ ఉండకపోవచ్చు. అప్పుడూ స్తుతిస్తామా? అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు (3:17-18) మాకన్నా చాలా ముందు నడిచాడు. ఆ మాట అనగల ధైర్యం మాకింకా రాలేదు, రావాలని అడుగుతున్నాం. ఫిలిష్తీయుల మీద విజయం తర్వాత సమూయేలు ఒక రాయి నిలిపి ఎబెనెజరు అని పేరు పెట్టాడు (1 సమూయేలు 7:12). ఇంతవరకు దేవుడే సాయం చేశాడన్నది దాని సాక్ష్యం. రేపటి యుద్ధం సంగతి ఆ రాయిమీద లేదు. రేపు ఏమిస్తాడో తెలియకుండానే, నిన్నటిదాకా నడిపించినవాణ్ని నమ్మి అడుగు వేయడమే విశ్వాసం. అందుకు వయసు అడ్డం కాదు. గుంటూరు వదిలి వెళ్లిన హెయర్, 1869లో 76 ఏళ్ల వయసులో, రాజమండ్రి పనికోసం మళ్లీ ఈ దేశానికి ఓడెక్కాడు. ఇరవై రెండేళ్లు కూడా నిండని మేము భయపడడం బాగుండదు.

మా నాలుగోవాడు మందిరానికి వస్తానని ఇంకా మాటివ్వలేదు. మేము బలవంతం చేయలేదు. వారానికి మూడు సాయంత్రాలు డ్యూటీ దిగాక లెక్కల పుస్తకం పట్టుకుని మాలో ఒకరి ఇంటికొస్తున్నాడు. పరీక్ష ఫీజు మేము కడతామంటే ఒప్పుకోలేదు, తన కూలి డబ్బుతో తనే కట్టుకున్నాడు. అతని తల్లి మాత్రం పోయిన ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుంది. పెద్దలు మమ్మల్ని సాక్ష్యానికి పిలిచినప్పుడు మేము మైకు దగ్గరికి వెళ్లలేదు. ముగ్గురం లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాం.