మేళం వినిపించింది... అమ్మ పాట ఏదీ?

2007లో మా చెల్లి పెళ్లి తెనాలిలో జరిగింది. వీడియో తీసినాయన క్యాసెట్లు ఇవ్వగానే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి డీవీడీ నేనే చేస్తానని పట్టుబట్టాను. ఆయన చేసిచ్చే డీవీడీలో తాళి కట్టే వేళకు కూడా సినిమా పాటే ఉంటుందని నాకు ముందే తెలుసు. మంగళహారతి వేళ మా అమ్మ పాట పాడింది. కెమెరా దూరంగా ఉండడంతో అందులో సన్నాయి తప్ప మరేం వినపడలేదు. అదృష్టం కొద్దీ ఆ పక్కనే నేను చిన్న వాయిస్ రికార్డర్ పెట్టి ఉంచాను.

అప్పటికి కొత్తగా 5.1 సరౌండ్ విద్య నేర్చుకుని ఉన్నాను. ఇంకేం... సన్నాయి మేళాన్ని ముందు స్పీకర్లకి, బంధువుల సందడిని వెనక స్పీకర్లకి, అమ్మ పాటను నడిమి స్పీకరుకి పంచాను. పని పూర్తయ్యేసరికి రాత్రి రెండయింది. తెల్లవారితే రైలు. డిస్కును ఒక్కసారైనా ఆడించి చూడకుండా, ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్నీ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

తెనాలిలో ఇల్లంతా చుట్టాలు. డిస్కు పెట్టాను. మేళం ఘనంగా మోగుతోంది. హారతి ఘట్టం వచ్చింది. ‘‘మీ అమ్మ నోరైతే కదులుతోంది... గొంతేదిరా?’’ అన్నారు నాన్న. నాకు నోట మాట రాలేదు. ఎక్కడో తప్పు చేశాను, పాట డిస్కులోకి ఎక్కనే లేదు అనుకున్నాను. ప్లేయర్నీ డిస్కునీ అక్కడే వదిలేసి వచ్చాను. మళ్లీ చేద్దాంలే అనుకుంటూ ఉండగానే కంప్యూటర్ హార్డ్‌డిస్క్ కాలం చేసింది. రికార్డర్లోది ఎప్పుడో చెరిపేశాను. అమ్మ పాట అక్కడితో పోయిందనే అనుకున్నాం.

ఆ కథ చివర ఏమైందో తరవాత చెబుతాను. సొంతంగా డీవీడీ చేసి, శబ్దం రాక తలపట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఆ డిస్కులు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటికి పట్టింది మూగతనం కాదు, మనకు పట్టింది చెవుడు!

ఆరుగురు గాయకులు

5.1 అంటే ఆరు ఛానళ్లు. ముందు ఎడమ, ముందు కుడి, నడుమ సెంటర్, వెనక ఎడమ, వెనక కుడి... ఇవి అయిదు. ఆ ‘.1’ సబ్‌ఊఫర్ కోసం. దానిలో దాదాపు 120 హెర్ట్‌జ్‌లోపు ఉండే గుమగుమలే పలుకుతాయి. సినిమాల్లో సంభాషణలు ఎక్కువగా సెంటర్లోనే ఉంటాయి. ఆరుగురు గాయకులు ఆరు మైకుల ముందు నిలబడ్డారనుకోండి. ఒక మైకు పనిచేయకపోతే ఆ ఒక్క గొంతే వినపడదు. మిగతా కచేరీ నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి శబ్దం రాలేదనగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. మొత్తం మూగా? కొంత మూగా?

మొత్తం మూగయితే...

డీవీడీ వీడియోకి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పీసీఎం, డాల్బీ డిజిటల్ (దీన్నే ఏసీ3 అంటారు), ఎంపెగ్, డీటీఎస్... ఈ రకాల శబ్దాన్నే అది ఒప్పుకుంటుంది. ఎంపీ3 పనికిరాదు. ఫోన్లలో రికార్డయ్యే ఏఏసీ కూడా అంతే. డిస్కు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు తామే మార్చుకుంటాయి. మార్చకుండా పాత ఫైలునే తోసేస్తే కంప్యూటర్లో పాట వస్తుంది, ప్లేయర్లో రాదు.

రెండో కట్టుబాటు శాంప్లింగ్ వేగం. డీవీడీకి కావాల్సింది 48 కిలోహెర్ట్‌జ్. ఆడియో సీడీలో ఉండేది 44.1. మినీ డీవీ కెమెరాల్లో 12 బిట్ పద్ధతి పెట్టి తీస్తే 32. ఈ రెండింటినీ 48కి మార్చాకే డిస్కులోకి పంపాలి. 12 బిట్ పద్ధతిలో ఇంకో తిరకాసు ఉంది. అందులో రెండు స్టీరియో జతలు ఉంటాయి. మొదటిది తీసేటప్పటి శబ్దానికి, రెండోది తరవాత డబ్బింగ్ చెప్పుకోవడానికి. క్యాప్చర్ చేసేటప్పుడు పొరపాటున రెండో జతను ఎంచుకుంటే దక్కేది నిశ్శబ్దమే.

మూడోది డీటీఎస్. డీవీడీలో దీనికి చోటుంది గానీ, ప్రతి ప్లేయరూ దాన్ని విప్పి వినిపించి తీరాలన్న నియమం లేదు. పాత ప్లేయర్లు కొన్ని దాన్ని ఆప్టికల్ తీగ ద్వారా ఆంప్లిఫయర్‌కి అప్పగిస్తాయి, అంతే. ఎరుపు-తెలుపు తీగలతో టీవీకి కలిపినవాళ్లకి చప్పుడే ఉండదు. ఇంట్లో చేసుకునే డిస్కుకి డాల్బీ డిజిటలే క్షేమం.

ఇంకొకటి. డిస్కును కంప్యూటర్లో తెరిచి చూస్తే ‘వీడియో_టీఎస్’, ‘ఆడియో_టీఎస్’ అని రెండు ఫోల్డర్లు ఉంటాయి. రెండోది ఖాళీగా కనపడగానే ‘‘ఇదిగో, ఆడియో ఎక్కలేదు!’’ అని కంగారుపడేవాళ్లున్నారు. ఆ ఫోల్డర్ డీవీడీ ఆడియో అనే వేరే రకం డిస్కుల కోసం. మన డిస్కులో అది ఖాళీగానే ఉండాలి. శబ్దం, బొమ్మ రెండూ కలిసి వీడియో_టీఎస్‌లోని వీఓబీ ఫైళ్లలోనే ఉంటాయి.

ఒక డిస్కులో ఎనిమిది ఆడియో ట్రాకుల వరకు పెట్టుకోవచ్చు. మెనూ చేసేటప్పుడు లేని ట్రాకుకి ముడిపెట్టినా మౌనమే. రిమోట్‌లో ‘ఆడియో’ మీట నొక్కి చూడండి. ఒక్కోసారి సమస్య అక్కడే తీరిపోతుంది.

తీగలో ఇరుకు

ఆప్టికల్ తీగ ద్వారా ఆంప్లిఫయర్‌కి కలిపారా? అయితే ప్లేయర్ సెటప్‌లో ‘డిజిటల్ అవుట్’ ఏముందో చూడండి. ‘పీసీఎం’ అని ఉంటే ప్లేయరే శబ్దాన్ని విప్పి రెండు ఛానళ్లుగా కుదించి పంపుతుంది. వెనక స్పీకర్లకి ప్రత్యేకంగా ఏమీ అందదు. ‘బిట్‌స్ట్రీమ్’ లేదా ‘రా’ అని పెడితే డాల్బీ మూటను విప్పకుండా అలాగే ఆంప్లిఫయర్‌కి ఇస్తుంది. ఆంప్లిఫయర్‌కి విప్పడం వస్తే ఆరు ఛానళ్లూ మోగుతాయి. రాకపోతే నిశ్శబ్దం, లేదంటే బర్రుమనే చప్పుడు.

‘నాణ్యత కోసం’ ఆరు ఛానళ్లనూ పీసీఎంలోనే ఉంచేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తీగలో రెండు పీసీఎం ఛానళ్లకే చోటు. పైగా 16 బిట్ల ఆరు ఛానళ్ల పీసీఎం సెకనుకి 4,608 కిలోబిట్లు మింగుతుంది. గంటకి రెండు జీబీ పైమాటే. 4.7 జీబీ డిస్కులో ఇక బొమ్మకేం మిగులుతుంది? అదే డాల్బీ డిజిటల్ 448 కిలోబిట్లలో సర్దుకుంటుంది. గంటకి సుమారు 200 ఎంబీ. డీవీడీలో దానికి గరిష్ఠ పరిమితి కూడా అదే.

కొంత మూగయితే...

వెనక స్పీకర్లు మాత్రమే పలకడం లేదా? అసలు అందులో ఏమైనా పెట్టారా అన్నది ముందు చూడండి. చాలా డీవీడీ సాఫ్ట్‌వేర్లు ‘డాల్బీ డిజిటల్’ అని పేరు చెప్పినా చేసేది రెండు ఛానళ్లే. డాల్బీ అంటే 5.1 అని అర్థం కాదు. ఉచితంగా దొరికే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో వీఓబీ ఫైలు తెరిస్తే ఎన్ని ఛానళ్లున్నాయో చెప్పేస్తుంది. రెండే ఉంటే తప్పు స్పీకర్లది కాదు. ఆంప్లిఫయర్లో ‘ప్రోలాజిక్’ ఉంటే, ఆ రెండింటి నుంచే వెనక స్పీకర్లకీ కొంత పంచుతుంది.

గొంతులు తారుమారయ్యాయా? వరస చూడండి. వేవ్ ఫైల్లో మామూలు వరస... ఎడమ, కుడి, సెంటర్, సబ్‌ఊఫర్, వెనక ఎడమ, వెనక కుడి. ఏసీ3లో... ఎడమ, సెంటర్, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, సబ్‌ఊఫర్. రెండో వరసలో పేర్చిన ఫైళ్లను మొదటి వరసగా తీసుకుంటే మాటలు కుడి స్పీకర్లోంచి వస్తాయి. వెనక ఎడమలో ఉండాల్సిన సందడి సబ్‌ఊఫర్‌కి పోయి, దాదాపు మాయమవుతుంది. వెనక కుడిలో గుమగుమలే మిగులుతాయి. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే డిస్కునీ ప్లేయర్నీ తిట్టకుండా, ఫైళ్లను సరిగా పేర్చి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే సరి.

ఇక అన్నింటికంటే మోసపుచ్చేది... మేళం వచ్చి, మాట రాకపోవడం. ఆరు తీగలు పెట్టుకునే ప్లేయర్లలో ‘స్పీకర్ సెటప్’ అని ఒక మెనూ ఉంటుంది. అక్కడ 5.1 అని ఉంటే, మీకు ఆరు స్పీకర్లున్నాయని ప్లేయర్ నమ్ముతుంది. సెంటర్ గొంతును సెంటర్ రంధ్రంలోకే పంపుతుంది. అక్కడ తీగే లేకపోతే? ఆ గొంతు గాల్లో కలిసినట్లే. కొన్ని ప్లేయర్లలో టీవీకి వెళ్లే ఎరుపు-తెలుపు రంధ్రాలూ, 5.1లోని ముందు ఎడమ-కుడి రంధ్రాలూ ఒకటే. టీవీకి కలిపేటప్పుడు ఆ మెనూలో ‘స్టీరియో’ లేదా ‘డౌన్‌మిక్స్’ అని మార్చాలి. అప్పుడు సెంటర్ గొంతును రెండుగా పంచి ఎడమ, కుడి రెండింటిలోనూ కలుపుతుంది.

కాల్చే ముందు...

ఇప్పటికీ పెద్దవాళ్ల కోసమో, పాత ప్లేయర్ కోసమో డీవీడీ చేసేవాళ్లకి మూడు మాటలు.

1. ముందు ఒక నిమిషం నిడివి పరీక్ష డిస్కు చేయండి. ఒక్కో ఛానల్లో మీ గొంతుతోనే ‘ముందు ఎడమ’, ‘సెంటర్’, ‘వెనక కుడి’ అని చెప్పి పెట్టండి. ఏ మాట ఎక్కడ వినిపిస్తోందో, ఏది వినిపించడం లేదో ఇట్టే తెలిసిపోతుంది. చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు వాడితే ఖర్చూ కలిసొస్తుంది.

2. డిస్కులో రెండు ట్రాకులు పెట్టండి. మొదటిది మామూలు స్టీరియో, రెండోది 5.1. ఏ టీవీలోనైనా మొదటిది పలుకుతుంది.

3. ఒకే ఒక్కచోట ఉన్న గొంతును ఒకే ఛానల్‌కి అప్పగించకండి. ముఖ్యంగా సబ్‌ఊఫర్‌కి. స్టీరియోగా కుదించేటప్పుడు దాన్ని చాలా ప్లేయర్లు వదిలేస్తాయి. రికార్డు చేసిన అసలు ఫైలును వేరేచోట దాచండి.

డిస్కు దొరికింది

మా అమ్మ 2016లో కాలం చేసింది. పోయినేడాది మా మేనకోడలు, ‘‘మావయ్యా, పెళ్లిలో అమ్మమ్మ పాడిందటగా, అమ్మ చెప్పింది. ఆ పాట ఉందా?’’ అని అడిగింది. లేదమ్మా, పోయింది అని చెప్పాను. చెప్పాక మనసు ఊరుకోలేదు. తెనాలి వెళ్లినప్పుడు బీరువాలో వెతికితే, పట్టుచీరల కింద ఆ డిస్కు దొరికింది.

కొత్త ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే ఉండదు. యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి తెచ్చి కలిపి, వీఎల్‌సీ ప్లేయర్లో తెరిచాను. మేళం మోగింది. హారతి పళ్లెం కనిపించింది. ఆ వెంటనే... అమ్మ గొంతు. కాస్త గరగరతో, రెండో చరణం దగ్గర చిన్నగా దగ్గుతో సహా. వీఎల్‌సీకి నా ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే స్పీకర్లని తెలుసు. అందుకే సెంటర్లో ఉన్న పాటను తెచ్చి ఆ రెండింటిలో కలిపింది. నేను తెనాలికి మోసుకెళ్లిన ప్లేయర్ మాత్రం మా ఇంటి హోమ్ థియేటర్ కోసం పెట్టిన 5.1 సెట్టింగుతోనే టీవీ ముందు కూర్చుంది. మెనూలో ఒక్క మీట నొక్కి ఉంటే ఆ రోజే, అమ్మ ఎదురుగానే, ఆ పాట అందరం వినేవాళ్లం.

అదే రోజు డిస్కు మొత్తాన్ని ఐఎస్‌ఓ ఫైలుగా రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాను. రాసుకునే డిస్కుల్లో ఉండే రంగుపూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఒక్క గీత పడినా చాలు. మీ బీరువాలోనూ ‘శబ్దం రాదు’ అని రాసి పక్కన పెట్టిన డిస్కు ఉంటే ఈ ఆదివారమే బయటికి తీయండి. పారేసే ముందు ఒక్కసారి కంప్యూటర్లో పెట్టి వినండి.

పాట వింటూ నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. అయిపోయాక, ‘‘మళ్లీ పెట్టరా’’ అన్నారు.