కంప్యూటర్ గదికి తాళం ఎందుకు?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అనగానే మన ఊళ్ళల్లో అడిగే మాట ఒకటే: "టీచరు పోస్టు వస్తుందా బాబూ?" అడగడంలో తప్పు లేదు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. కూలి డబ్బులతో చదివించినవాళ్ళు ఉద్యోగం గురించే అడుగుతారు. కానీ కోనసీమ నుంచీ మన్యం నుంచీ రాజమండ్రి హాస్టళ్ళకు వచ్చిన తమ్ముళ్ళు కూడా పరిశోధన అంటే కోట్ల యంత్రాలున్నవాళ్ళ వ్యవహారమని ముందే తీర్మానించుకోవడం మాకు నచ్చదు. ఒక ఉదాహరణ చెబుతాం.

అణు రియాక్టర్లలో ఇంధనం ఉంచే జిర్కోనియం గొట్టాలు హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. రియాక్టర్ నడిచినన్నాళ్ళూ న్యూట్రాన్లు ఆ లోహాన్ని కొడుతూనే ఉంటాయి. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ తగిలినట్టు ఒక పరమాణువు ఎగిరి ఇంకోదాన్ని, అది మరోదాన్ని గుద్దుతుంది. ఇనుములో అయితే ఒక పరమాణువును చోటు తప్పించడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. న్యూట్రాన్ దెబ్బ వేల వోల్టులు ఇస్తుంది. చిత్రమేమిటంటే, సెకనులో లక్ష కోట్లో వంతు కాలాలు కొన్ని గడిచేసరికి చెదిరినవాటిలో ఎక్కువ భాగం మళ్ళీ ఏదో ఒక ఖాళీలో సర్దుకుంటాయి. క్యారమ్ కాయలకు ఆ బుద్ధి లేదు! సర్దుకోని కొద్దిపాటివే ఏళ్ళ తరబడి పోగై లోహాన్ని పెళుసు చేస్తాయి.

అంత చిన్న క్షణాన్ని మైక్రోస్కోపుతో పట్టుకోవడం కష్టం. అందుకే కంప్యూటర్లో పరమాణువులను పేర్చి, ఇంటర్‌లో మనం బట్టీపట్టిన న్యూటన్ సూత్రంతోనే కదిలించి చూస్తారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో విన్‌యార్డ్ బృందం 1960లో రాగి మీద ఈ లెక్క చేసినప్పుడు వాళ్ళ కంప్యూటర్‌లో పట్టింది వెయ్యి లోపు పరమాణువులే. ఇవాళ మామూలు డెస్క్‌టాప్ వేలకు వేలు నడుపుతుంది. 'లామ్ప్స్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అయితే కంప్యూటర్ చెప్పిందల్లా వేదం కాదు. పరమాణువుల మధ్య బలాలు తప్పుగా ఇస్తే జవాబూ తప్పే. కల్పాక్కంలో అయాన్లతో లోహాలను కొట్టి పరీక్షించేది అందుకే.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. కావాలన్నా వద్దన్నా, లోహం ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్క కట్టి అడగగలవాళ్ళు మనలోంచీ రావాలి కదా?

మరి మేము చూసిన హాస్టళ్ళలో కంప్యూటర్లకు గుడ్డ కప్పి, గదికి తాళం. స్కాలర్‌షిప్ దరఖాస్తులప్పుడే తీస్తారు. వాడితే పాడైపోతాయట! వాడకుండా పాడైనవే మాకు ఎక్కువ కనిపించాయి. రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు గది తెరవమని వార్డెన్ గార్లను కోరుతున్నాం. తాళం ఒక సీనియర్‌కు ఇవ్వండి, బాధ్యత మాది. ఇంగ్లీషు మాన్యువల్ చూసి జంకే తమ్ముళ్ళ కోసం ఆదివారాలు మేము వస్తాం. నాలుగు వేల రాగి పరమాణువులతో మొదలుపెడదాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మధ్యలో కరెంటు పోతే రాత్రంతా నడిచిన లెక్క ఆగిపోతుంది. ఈ వార్షికోత్సవానికి ఒక యూపీఎస్ ఇప్పించండి. గోడ గడియారాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.