వెళ్లిపోయినవారి పద్దు, తిరిగొచ్చినవారి పద్దు

జట్టును విడిచి వెళ్లిన ఆటగాడు కొన్నేళ్లకు అదే జట్టుకు పెద్దగా తిరిగివస్తే, అభిమానులు ఆయన్ను పాత తప్పును బట్టి కొలవాలా, పాత సేవను బట్టి కొలవాలా, ఆ రెంటినీ పక్కనబెట్టి ఇప్పుడు అప్పగించిన పనిని బట్టి కొలవాలా అన్న వాదన క్రీడాలోకంలో ఎక్కడైనా ఉన్నదే అయినా, కెనడాలోని సస్కాచువాన్ ప్రావిన్స్ రాజధాని రెజైనాలో అది దశాబ్దాలుగా తెగకుండా సాగుతోంది. అక్కడి ఫుట్‌బాల్ జట్టు సస్కాచువాన్ రఫ్‌రైడర్స్ చరిత్రలోని పెద్ద మలుపులు చాలావరకు ఇలాంటి రాకపోకల చుట్టూ తిరిగినవే. ఆ చరిత్రను నిదానంగా చూస్తే అభిమానుల కోపం చాలాసార్లు న్యాయమైనదే గానీ వారి లెక్క మాత్రం సరైనది కాదని తేలుతుంది. వెళ్లిపోయిన ఆటగాడి పేర ద్రోహమని రాసిన చేతితోనే, ఆటగాణ్ని సాగనంపిన యాజమాన్యం పేర వ్యాపారమని రాసుకోవడం ఆ లెక్కలోని లోపం.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే తెలుగు పాఠకులకు బాగా తెలిసిన, కాలితో బంతిని తన్నే ఆట కాదు. కెనడియన్ ఫుట్‌బాల్ రగ్బీ నుంచి పుట్టింది. ఒక్కో పక్షాన 12 మంది దిగి, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తో, విసిరి అందించో ప్రత్యర్థి గీత దాటించడానికి పోరాడతారు. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేని పక్షం బంతిని వదులుకోవలసి వస్తుంది. ఈ దాడిని నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. లీగ్ విజేతకు దక్కేది గ్రే కప్. మేనేజర్ అన్న మాటకు కూడా ఇక్కడ రెండు పనులున్నాయి: ఆటగాళ్లను ఎంచి ఒప్పందాలు కుదిర్చేవారు జనరల్ మేనేజర్, వారికి తర్ఫీదునిచ్చి మైదానంలో వ్యూహం నడిపేవారు హెడ్ కోచ్. ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని వేరే జట్టుకిచ్చి బదులుగా మరొకరిని తెచ్చుకోవడాన్ని ట్రేడ్ అంటారు, దానికి సాధారణంగా ఆ ఆటగాడి సమ్మతి అక్కర్లేదు. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తక్కిన వాదమంతా దాని మీదే నిలబడుతుంది.

1910లో రెజైనా రగ్బీ క్లబ్‌గా మొదలైన ఈ జట్టుకు సొంతదారుడంటూ ఒకరు లేరు. ఇది లాభాపేక్ష లేని సంస్థ. 2004 నుంచి ఒక్కో వాటాను 250 డాలర్లకు అభిమానులకే అమ్మింది. ఆ వాటా మీద లాభం పంచరు, వార్షిక సర్వసభ్య సమావేశంలో ఓటు మాత్రం ఉంటుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం రెజైనా నగర జనాభా సుమారు 2.26 లక్షలు, ప్రావిన్స్ మొత్తం కలిపితే 11.3 లక్షలు, అంటే మన దగ్గర ఒక పెద్ద జిల్లాకు సరితూగని జనం 33 వేల మంది పట్టే మొజాయిక్ స్టేడియాన్ని నింపుతున్నారన్నమాట. మ్యాచ్ నాడు పచ్చ చొక్కాల మధ్య పుచ్చకాయ టోపీలు కనిపిస్తాయి: కాయను కోసి, గుజ్జంతా గోకి తీసి, ముఖం కనబడేలా ముందువైపు చెక్కి, ఆ డిప్పను హెల్మెట్‌లా తలకు తొడుక్కుంటారు, మిగిలిన రసం మెడ మీదుగా చొక్కాలోకి కారుతున్నా తీయరు. ఇంతగా తమదనుకునే జట్టును ఎవరైనా కాదనుకుంటే, ఆ నొప్పి టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడి నొప్పిలా ఉండదు.

జట్టు ఇలా అభిమానుల చేతిలోనే ఉండటం విలువ హైదరాబాద్ వైపు చూస్తే మరింత బాగా తెలుస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరది. అదే ఊరి పేర 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడాది మార్కెజ్ గోవాకు వెళ్లారు, మూడేళ్లు తిరిగేసరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. కోచ్ వెళ్లిపోయాడని నొచ్చుకున్న అభిమాని, ఆయన తిరిగొస్తాడా రాడా అని వాదించుకోవడానికైనా ఊళ్లో ఆ జట్టు మిగల్లేదు. ఇది తెలుగు క్రీడాభిమానులందరూ బాధపడవలసిన విషయం.

రెజైనా వాదనకు కేంద్రంగా నిలిచిన వ్యక్తి కెంట్ ఆస్టిన్. అమెరికాలో పుట్టి, మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఆడి, 1987లో రఫ్‌రైడర్స్‌లో చేరిన ఈ క్వార్టర్‌బ్యాక్ 1989 నవంబర్ 26న టొరంటోలోని స్కైడోమ్‌లో ఆడిన ఆట ఆ ప్రావిన్స్‌లో ఇంటింటి జ్ఞాపకం. ఆ ఏడు జట్టు గెలిచినవి తొమ్మిది, ఓడినవి తొమ్మిది, అయినా ఎలాగో ఫైనల్‌కు చేరింది. ఆ ఫైనల్‌లో ప్రత్యర్థి అయిన హామిల్టన్ జట్టు ఆటగాడు టోనీ చాంపియన్ ఒంటిని వెనక్కి విల్లులా వంచి బంతిని అందుకోవడంతో స్కోరు 40-40 అయింది. నిమిషం కూడా మిగలని ఆ వేళ ఆస్టిన్ వరుసగా బంతులు అందిస్తూ జట్టును ముందుకు జరిపి, డేవ్ రిడ్జ్‌వే 35 గజాల దూరం నుంచి తన్నగలిగే చోటుకు చేర్చారు. రిడ్జ్‌వే తన్నిన బంతి గోల్ కంబాల మధ్య నుంచి పోయింది, జట్టు 43-40తో గెలిచింది. 474 గజాల పాసింగ్‌తో ఆస్టిన్ ఆ ఫైనల్‌కు ఉత్తమ ఆటగాడయ్యారు. 1966 తర్వాత ఆ ప్రావిన్స్‌కు దక్కిన మొదటి కప్పు అది.

నాలుగేళ్ల తర్వాత, 1993 సీజన్ ముగిశాక, తనను ట్రేడ్ చేయమని అడిగినవారూ ఆయనే. మనసులో మాట దాచుకోకుండా బయటికి చెప్పిన ఆ కోరికను అభిమానులు క్షమించలేదు. 1994లో బ్రిటిష్ కొలంబియా లయన్స్ జట్టు చొక్కాతో ఆయన టేలర్ ఫీల్డ్‌లో, అంటే ఒకప్పటి సొంత మైదానంలో అడుగుపెట్టినప్పుడు ఎదురైన వెటకారపు కేకలు ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన పేరుతో కలిపే చెప్పుకునేంత గట్టివి. ఆ ఏడే లయన్స్ గ్రే కప్ గెలవడం పుండు మీద కారం చల్లినట్టయింది.

అంతటి కోపం ఉన్న ఊరికి ఆయన 2007 సీజన్ కోసం హెడ్ కోచ్‌గా తిరిగివచ్చారు. జట్టు 12 గెలిచి 6 ఓడింది. 1988 తర్వాత మొదటిసారిగా రెజైనాలో ప్లేఆఫ్ మ్యాచ్ జరిగి, కాల్గరీపై 26-24తో గెలుపు దక్కింది. నవంబర్ 25న టొరంటోలో విన్నిపెగ్‌పై 23-19తో గ్రే కప్ సొంతమైంది, లీగ్‌లో ఉత్తమ కోచ్ పురస్కారం కూడా ఆస్టిన్‌కే వచ్చింది. ఆటగాడిగా ఒకసారి, కోచ్‌గా ఒకసారి ఒకే ఊరికి కప్పు తెచ్చిన ఆయన, రెండు నెలలైనా తిరగకుండా 2008 జనవరిలో, తాను చదువుకున్న విశ్వవిద్యాలయ జట్టులో పని కోసం వెళ్లిపోయారు. ఆరిందనుకున్న వాదన మళ్లీ రాజుకుంది. ఒక్క ఏడాదికే వెళ్లిపోయేవాడు ఎందుకు వచ్చినట్టు అన్నవారు కొందరైతే, పద్దెనిమిదేళ్లుగా రాని కప్పు తెచ్చినవాణ్ని ఏమని తప్పుపడతాం అన్నవారు ఇంకొందరు.

రెండో పక్షం వాదనే నిలుస్తుంది, అయితే వారు సాధారణంగా చూపే కారణం వల్ల కాదు. కప్పు ఒక్కటే కొలమానమైతే అదృష్టం కూడా అర్హతలో కలిసిపోతుంది. ఆస్టిన్ విషయంలో చూడవలసింది ఆయన వెనక మిగిల్చినది. 2007లో ఆయనకు సహాయకుడిగా ఉన్న కెన్ మిల్లర్ 66 ఏళ్ల వయసులో హెడ్ కోచ్ అయ్యారు, అదే పునాది మీద జట్టును 2009లోనూ 2010లోనూ గ్రే కప్ ఫైనల్‌కు తీసుకెళ్లారు. రెండింటిలోనూ మాంట్రియల్ చేతిలో ఓటమే ఎదురైన మాట నిజం. 2009లో అయితే గెలిచామనుకున్న క్షణంలో, మైదానంలో 12 మందికి బదులు 13 మంది ఉన్నారని తేలి, ప్రత్యర్థికి రెండోసారి తన్నే అవకాశం దక్కి 28-27తో చేజారింది. అయినా ఒక మనిషి వెళ్లిపోయాక రెండేళ్లకూ మూడేళ్లకూ జట్టు ఫైనల్‌లో ఉందంటే, ఆయన పని సగంలో పారేసి పోలేదని అర్థం.

ఇప్పుడు పద్దులోని రెండో పుట తిప్పి చూడాలి. రఫ్‌రైడర్స్ చరిత్రలోనే అతి పెద్ద పేరైన రాన్ లంకాస్టర్‌ను 1963లో ఆటవా జట్టు కేవలం 500 డాలర్లకు వదులుకుంది, మూడేళ్ల తర్వాత అదే ఆటవాను 29-14తో ఓడించి లంకాస్టర్ సస్కాచువాన్‌కు మొదటి గ్రే కప్ తెచ్చారు. ఆయన్ను అమ్మేసిన ఆటవాను తెలివితక్కువ జట్టన్నారే గానీ ద్రోహి అని ఎవరూ అనలేదు. 2016 జనవరిలో, జనరల్ మేనేజర్, హెడ్ కోచ్ పదవులు రెండూ చేతిలో ఉన్న క్రిస్ జోన్స్, 2013 కప్పు గెలిచిన జట్టులోని వెస్టన్ డ్రెస్లర్‌ను, జాన్ చిక్‌ను తప్పించారు. ఏడాది తిరిగాక, 2017 జనవరిలో ఆ కప్పు నాటి క్వార్టర్‌బ్యాక్ డారియన్ డురాంట్‌ను మాంట్రియల్‌కు ట్రేడ్ చేశారు. అభిమానులు బాధపడ్డారు, కొందరు మండిపడ్డారు కూడా, కానీ ఆ బాధకు వాడిన మాటలు వేరు: జీతాల పరిమితి, పునర్నిర్మాణం, కఠిన నిర్ణయం. ఆస్టిన్ 1993లో అడిగినదీ అదే ట్రేడ్ కదా! యాజమాన్యం చేస్తే కఠిన నిర్ణయమైనది ఆటగాడు కోరితే వెన్నుపోటు కావడం, ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టడమే. క్రిస్ జోన్సే 2019 జనవరిలో ఒప్పందం పొడిగించుకున్న కొద్దిరోజులకే క్లీవ్‌లాండ్‌కు వెళ్లిపోయినప్పుడు మాత్రం ఊరు ఆ మాటలు పక్కనబెట్టి పాత మాటలే వాడింది. వెళ్లడమన్నది ఎవరు చేసినా నొప్పేనన్న సంగతి అప్పుడైనా బయటపడింది.

కృతజ్ఞత కూడా పగలాగే కన్ను కప్పుతుందనడానికి లంకాస్టర్ కథే సాక్ష్యం. 16 సీజన్లు ఆడిన ఆయన్ను 1978లో, ఆట మందగించిన చివరి రోజుల్లో, సొంత మైదానంలోనే కేకలతో గేలి చేశారు. ఆఖరి మ్యాచ్‌లో ఎడ్మంటన్‌లోని ప్రత్యర్థి ప్రేక్షకులు లేచి నిలబడి ఆ గౌరవాన్ని తీర్చారు. వెంటనే క్లబ్ ఆయన్నే హెడ్ కోచ్ చేసింది. 1979లో రెండు గెలుపులు, 14 ఓటములు, 1980లోనూ అవే అంకెలు. కోచ్‌గా అనుభవం లేని మహా ఆటగాడికి, వయసు మళ్లిన జట్టును అప్పగించి గెలిపించమనడం ఆయన్ను గౌరవించడం కాదు. పని నేర్చుకున్నాక అదే లంకాస్టర్ 1993లో ఎడ్మంటన్‌కు, 1999లో హామిల్టన్‌కు గ్రే కప్పులు తెచ్చారు.

కెన్ మిల్లర్ 2011లో తిరిగిరావడం ఇంకో రకం. కోచ్ పని వదిలి క్లబ్ ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆయన్ను, గ్రెగ్ మార్షల్ కింద జట్టు ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలవడంతో, ఆగస్టులో మళ్లీ మైదానంలోకి దించారు. మిగిలిన పదింట్లో నాలుగు గెలిచి జట్టు 5-13తో ముగించింది. దీన్ని వైఫల్యమన్నవారున్నారు గానీ మునుగుతున్న పడవలో నీళ్లు తోడమని పిలిచిన మనిషిని తీరం చేర్చలేదని నిలదీయడం సబబు కాదు.

నోరు విప్పే ఆటగాళ్లంటే రెజైనాకు పడదనుకోవడం కూడా పొరపాటే. 1963 నుంచి 1975 వరకు ఆడి 16,116 గజాలు పరుగెత్తిన జార్జ్ రీడ్, 1972లోనే ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడై 1981 వరకు ఆ పదవిలో ఉన్నారు. క్లబ్బుల యాజమాన్యాలకు ఎదురు కూర్చుని ఆటగాళ్ల హక్కుల కోసం మాట్లాడవలసిన పదవి అది, అందులోనూ మొదటి నాలుగేళ్లు రఫ్‌రైడర్స్ చొక్కా వేసుకుంటూనే. 2023 అక్టోబర్ 1న ఆయన కన్నుమూసినప్పుడు ప్రావిన్స్ అంతా ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్టు దుఃఖించింది. రీడ్ మాట్లాడినది ఉన్నచోటే ఉండి, ఆస్టిన్ మాట్లాడినది వెళ్లడం కోసం; తేడా అక్కడుందని అభిమాని చెప్పవచ్చు, ఆ తేడాను తక్కువ చేయనక్కర్లేదు. కానీ లోపలి సంగతి తెలిసినవాడి మాట నచ్చనంత మాత్రాన అబద్ధం కాదు, 1993లో ఆస్టిన్ వెళ్లాలనుకోవడానికి కారణమేమిటని అడిగినవారికంటే ఎలా వెళ్లగలిగాడని అడిగినవారే ఎక్కువ. ఆ తర్వాత 2007 వరకు కప్పు రాలేదు.

2013 నవంబర్ 24న గ్రే కప్ ఫైనల్ రెజైనాలోనే జరిగింది. 44,710 మంది ప్రేక్షకుల ముందు ఎదుటి పక్షం హామిల్టన్, దాని హెడ్ కోచ్ ఆస్టిన్. సగం ఆట ముగిసేసరికే 31-6, చివరికి 45-23తో సొంతగడ్డ మీద తొలి కప్పు. పాత మైదానంలో, ప్రత్యర్థి పక్క గీత దగ్గర ఆస్టిన్ నిలబడి ఉండగా వచ్చిన ఆ గెలుపుతో ఊరికి ఆయనతో ఉన్న బాకీ తీరినట్టే అనిపించింది.

పద్దు మాత్రం మూతపడలేదు. ప్రస్తుత జనరల్ మేనేజర్ జెరెమీ ఓడే కూడా 1999 నుంచి 2010 వరకు అదే జట్టుకు ఆడినవారు. 2022లోనూ 2023లోనూ 6-12తో ముగిసినప్పుడు ఆయన్ను తప్పించాలన్న గొంతులు బలంగా వినిపించాయి, క్లబ్ హెడ్ కోచ్‌ను మార్చి ఓడేను మాత్రం ఉంచింది. కోరీ మేస్ శిక్షణలో 2025 నవంబర్ 16న విన్నిపెగ్‌లో మాంట్రియల్‌ను 25-17తో ఓడించి జట్టు అయిదో గ్రే కప్ అందుకుంది. వాటాదారులు ఇప్పుడు వార్షిక సమావేశంలో అడగవలసినదొకటి ఉంది: ఆటగాడు వెళ్లిపోతే కారణం చెప్పమని ఆయన్ను నిలదీస్తున్నట్టే, ఆటగాణ్ని తప్పించిన ప్రతిసారీ క్లబ్ కూడా తన కారణాన్ని సభ్యుల ముందు రాతపూర్వకంగా పెట్టాలి. ఓటు చేతిలో ఉన్న అభిమానులకు అది సాధ్యం, గెలిచిన ఏడాదే దాన్ని అడగడం సులువు.