షోగునుల శాంతికి వెల యెవరిచ్చిరి?

జపానుదేశమును తోకుగావా వంశపు షోగునులు పాలించిన కాలమును గొనియాడువారు మనలో నేటికిని గలరు. చలనచిత్రములలో సమురాయి ఖడ్గమును జూచి మురియు బాలురను గూర్చి మేము చెప్పుటలేదు, అది వయోధర్మము. చదువుకొన్న పెద్దలే, "ఆ దేశమున నెవరి పని వారు చేసికొనిరి, పుట్టుకచే నేర్పడిన యంతస్తును మీఱుట లేదు, కావుననే రెండువందల యేండ్లకు మించి యుద్ధము లేక ప్రజలు సుఖించిరి" అని వాదించుట మేము పలుమాఱు వింటిమి. యుద్ధము లేదనుట చాలవఱకు సత్యమే. ప్రజలు సుఖించిరనుటయు, అందులకు జన్మభేదమే కారణమనుటయు పరీక్షింపవలసిన మాటలు.

ముందుగా వారి పక్షమున జెప్పదగినది చెప్పెదము. 1600లో సెకిగహరా యుద్ధమున గెలిచి, 1603లో షోగును పదవి నందిన తోకుగావా ఇయెయాసు, నూఱేండ్లకు పైగా అంతఃకలహములచే నలిగిన దేశమునకు విశ్రాంతి నొసగెను. 1615లో ఓసాకా కోట పడిన పిమ్మట, 1637-38 నాటి షిమబారా తిరుగుబాటు తప్ప, రెండు శతాబ్దులకు పైగా పెద్ద యుద్ధము లేదు. పట్టణములు పెరిగెను, అచ్చుపుస్తకములు ప్రబలెను, సామాన్యుల బిడ్డలకు వ్రాతయు లెక్కలును నేర్పు బడులు వేలకొలది వెలసెను. బడిపంతులుగా బ్రదుకు మేము ఈ గుణమును మఱుగుపఱుపజాలము.

అయితే ఆ శాంతి దేనిపై నిలిచినది? ధర్మముపై గాదు, తాకట్టుపై నిలిచినది. దేశమున సుమారు 260 మంది సామంతప్రభువు లుండిరి, వారిని డైమ్యోలందురు. మూడవ షోగునగు ఇయెమిత్సు 1635లో నొక శాసనముచే, సామంతులు ఒక యేడు తమ సంస్థానమునను, మఱుసటి యేడు షోగును రాజధానియగు ఎడోలోను వసింపవలెనను నియమమును స్థిరపఱచెను. భార్యాబిడ్డలు మాత్రము ఎల్లప్పుడును ఎడోలోనే యుండవలెను. హకోనే కనుమలోని కావలిఠాణాయొద్ద భటులు ముఖ్యముగా రెండింటిని వెదకుచుండిరి: ఎడోకు బోవు తుపాకులను, ఎడోనుండి వెలువడు స్త్రీలను. తుపాకి లోనికి వచ్చిన తిరుగుబాటు పుట్టును. ఆడుది వెలుపలికి బోయిన తాకట్టు విడిపోవును. ఇల్లాండ్రను తుపాకులతో నొక్క పట్టికలో జేర్చిన ప్రభుత్వమును గృహస్థులైనవారు మెచ్చుట యెట్లు?

ఏటేట సాగు ఈ ఊరేగింపులకును, రెండేసి కాపురములకును వలయు వ్యయము కర్షకుని గాదెనుండి వచ్చినది. ప్రభువుల యైశ్వర్యమును కోకులతో గొలిచెడివారు. కోకు అనగా సుమారు 180 లీటర్ల బియ్యము. ఒక మనుష్యునకు ఒక యేటి గ్రాసమని లెక్క. పదివేల కోకులకు తక్కువ కాని భూమి కలవాడు డైమ్యో. పంటలో నాలుగుపాళ్లు దొరకు, ఆఱుపాళ్లు రైతునకు అనుట మేలైన లెక్క. పలుచోట్ల నది సగముసగమయ్యెను. రైతుల ఆయుధములను 1588లోనే హిదెయోషి లాగికొనియుండెను. తోకుగావావారు అయిదేసి యిండ్లను ఒక కట్టుగా జేసి, ఒక యింటి పన్నునకును నేరమునకును తక్కిన నాలుగిండ్లను బాధ్యులను గావించిరి. కష్టసుఖముల కడ్డుపడవలసిన పొరుగువాడు వేగులవాడయ్యెను.

శాస్త్రప్రకారము సమురాయికి పిమ్మట కర్షకుడే గౌరవనీయుడు. శిల్పియు వర్తకుడును వాని తరువాతివారు. కాగితముమీద గౌరవము, గాదెలో శూన్యము! ఈ నాలుగంతస్తులకును వెలుపల, చచ్చిన పశువుల నెత్తి తోళ్లు బాగుచేయువారు మున్నగువారిని, అధిక మాలిన్యమను నర్థమిచ్చు అక్షరములతో వ్రాయు పేరుపెట్టి వేఱుగా నుంచిరి. ఈ వాక్యమునకు మన చదువరులకు వ్యాఖ్యానము వ్రాయ నక్కఱలేదు.

పీడితులు మొఱపెట్టుకొన్నచో విన్నవారెవరు? షిమబారాలో పన్నుల బాధకును, క్రైస్తవులపై జరిగిన హింసకును తాళలేక జనులు తిరుగబడగా, షోగును సేనలు వారిని వేలకొలదిగా సంహరించెను. అటుపిమ్మటనే ఆ సీమను పీడించిన ప్రభువునకు శిరశ్ఛేదమైనది. న్యాయము వచ్చినది గాని, శవములు లెక్కించిన తరువాత వచ్చినది.

రెండువందల యేండ్లు గడచినను ఈ తీరు మాఱలేదు. 1833 మొదలు క్షామము దేశమును పీడించెను. బియ్యపు వర్తకమునకు కేంద్రమైన ఓసాకాలో జనులు తిండిలేక కూలుచుండగా, అధికారులు అచటి బియ్యమును ఎడోకు పంపుచుండిరి. ఆ నగరమున ఓషియో హెయిహచిరో అను పండితుడుండెను. ఆయన పూర్వము నగరరక్షకశాఖలో నుద్యోగి; పిదప పాఠశాల నడపిన గురువు. అధికారులతో మొఱపెట్టుకొనెను; వినలేదు. తన పుస్తకభాండారమును అమ్మి ఆ సొమ్ము బీదలకు పంచెను, చాలలేదు. తుదకు 1837లో శిష్యులతోను రైతులతోను తిరుగబడెను. ఒక్కదినములో నది యణగిపోయెను. ఆయన కొన్నాళ్లు దాగియుండి ఆత్మహత్య గావించుకొనెను. ఆయన రగిల్చిన నిప్పును మేము మెచ్చము. అందు బీదల యిండ్లును గాలిపోయెను. కాని పుస్తకములమ్ముకొన్న గురువు నిప్పంటించువఱకు వచ్చెననగా, ఆ రాజ్యమున న్యాయము నడుగుటకు వేఱొక వాకిలి తెఱచియుండలేదని యర్థము.

"పోనిండు, సమురాయిలైన సుఖించిరి గదా" అందురేమో! వారిలోనే ఎన్ని మెట్లో చూడుడు. నకత్సు సంస్థానమున పైతరగతి సమురాయిలకును క్రిందితరగతివారికిని వియ్యము లేదు. మాటతీరు సైతము వేఱు. కాల్బంటు వానలో నెదురైనను, పాదుకలు విడిచి దారిప్రక్కను సాగిలపడవలెను. ఆ సంస్థానపు క్రిందితరగతి సమురాయి యొకడు విద్యావంతుడై యుండియు, ఓసాకా వర్తకులయొద్ద సంస్థానపు అప్పుల వ్యవహారములు చూచుకొను కొలువులో జీవితము గడపెను. ఆయనకు 1835లో నొక కుమారుడు గలిగెను. ఈ బిడ్డను బౌద్ధభిక్షువును జేసెదనని ఆ తండ్రి యనుచుండెనట. బిడ్డకు జ్ఞానము రాకమునుపే ఆయన మరణించెను. ఆ బిడ్డయే నవీన జపానునకు విద్యాగురువైన ఫుకుజావా యుకిచి. తండ్రి మాటకు అర్థమాయనకు పెద్దయైన తరువాత దెలిసినది: పుట్టుక నడుగక పదవినిచ్చు స్థలము ఆ దేశమున మఠమొక్కటియే! కావుననే ఆ జన్మవ్యవస్థ తన తండ్రికి శత్రువని ఆయన 1899లో బ్రకటించిన స్వీయచరిత్రయందు వ్రాసికొనెను. కన్నబిడ్డకు సంసారము లేకున్నను సరే, అవమానము లేకున్న జాలునని తండ్రి తలపవలసివచ్చిన దేశమును సుఖదేశమందుమా?

జన్మభేదము తొలగిన లోకము తలక్రిందులగునను భయమునకును ఆ దేశ చరిత్రమే సమాధానము. 1868లో షోగునుల ప్రభుత్వము ముగిసెను. 1871లో సంస్థానములు రద్దయ్యెను. ఆ యేడే వెలివారికి సమానత్వమును శాసించిరి. 1876లో సమురాయిలు కత్తి ధరించుట మానవలసినదాయెను. ఇందులకు నాయకులైనవారిలో పలువురు ఆ క్రిందితరగతి సమురాయిలే. 1877లో సత్సుమా సీమలో నొక గొప్ప తిరుగుబాటు జరిగెను, అదియు నణగెను. ఆకాశము విఱిగి పడలేదు. క్రొత్త ప్రభుత్వము నిర్దోషమని మేమనుటలేదు; అది పిమ్మట పొరుగుదేశములకు జేసిన కీడు లోకవిదితము. శాసనము జారీయైన యేబదియేండ్లకు, 1922లో, ఆ వెలివారి సంతతివారు అవమానము తీఱలేదని తమకై సంఘము నిర్మించుకొనవలసివచ్చెను. శాసనము ఒక్కదినమున మాఱును. ఇంటివారి మనస్సు మాఱుటకు తరములు పట్టును.

కావున, చదువరులారా, శాంతి మంచిదే, దానిని మెచ్చుడు. కాని ఏ కాలపు శాంతినైనను బొగడుటకు ముందు, దానికి వెల యెవరిచ్చిరో యడుగుడు. ఎడోలో తాకట్టుపడిన యిల్లాలిని, సగము పంట గోలుపోయిన కర్షకుని, బిడ్డను మఠమున కిచ్చెదనన్న తండ్రిని అడిగి, వారొప్పుకొన్న పిదపనే ఆ వ్యవస్థను మనకు మాదిరిగా జూపుడు.