షాకు చికిత్స ఎవరికి బాగా పనిచేస్తుంది?

ప్రశ్న: మా అత్తగారికి అరవై నాలుగేళ్లు. మూడు నెలలుగా సరిగా అన్నం ముట్టటం లేదు. పలకరిస్తే ఎప్పటికో ఒక మాట. "నా పేగులు కుళ్ళిపోయాయి, నేను పాపిష్టిదాన్ని" అంటారు. రెండు రకాల మాత్రలు వాడినా గుణం కనిపించలేదు. డాక్టరుగారు కరెంటు షాకులు ఇద్దామంటున్నారు. ఈ వయసులో తట్టుకుంటారా? గుణం ఇస్తుందని ముందుగా తెలుసుకునే వీలుందా?
- ఒక కోడలు, తెనాలి

జవాబు: ఖాయంగా చెప్పే రక్తపరీక్షగానీ, స్కానింగుగానీ ఇంతవరకూ లేదమ్మా. అయితే లక్షణాలను బట్టి అంచనా వేయవచ్చు. మిమ్మల్ని భయపెడుతున్న లక్షణాలే ఇక్కడ ఆశ కలిగిస్తున్నాయి!

షాకు చికిత్స పడుచువాళ్ళకంటే పెద్దవాళ్ళలోనే ఎక్కువ గుణమిస్తుంది. పేగులు కుళ్ళాయనే లాంటి భ్రమలున్న డిప్రెషన్‌లో ఇంకా బాగా పనిచేస్తుంది. అమెరికాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్స పూర్తిచేసుకున్నవారిలో భ్రమలున్నవారు నూటికి 95 మంది, లేనివారు 83 మంది తేరుకున్నారు. అన్ని ఆస్పత్రుల్లోనూ ఇంత గొప్ప ఫలితం రాదనుకోండి. మాటా కదలికా మందగించడం కూడా మంచి సూచనే.

జబ్బు ఏళ్ళతరబడి ముదిరినా, రకరకాల మందులు వాడి విఫలమైనా గుణం వచ్చే అవకాశం తగ్గుతుంది. "అన్నీ అయ్యాక చివరికి చూద్దాం" అని వాయిదా వేయడం అందుకే మంచిది కాదు. పైగా తిండి మానేసిన మనిషి! ఆవిడను ఒంటరిగా వదలకండి. చనిపోతానన్న మాట వస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

1938లో రోములో ఈ చికిత్స మొదలైనప్పుడు మత్తు ఇచ్చేవారు కాదు. సినిమాల్లో ఇంకా ఆ దృశ్యమే చూపిస్తారు. ఇప్పుడు మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా షాకు ఇవ్వకూడదని మన దేశంలో 2017 నాటి చట్టమే చెబుతోంది. ముందుగా గుండె, రక్తపోటు పరీక్షిస్తారు. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు దాకా ఇస్తారు. మొదటి మూడు నాలుగు షాకులకే నిద్ర, ఆకలి మెరుగైతే మంచి కబురే. కాకపోయినా అప్పుడే మానిపించకండి.

మతిమరుపు వస్తుందా అంటే, వస్తుంది. ఆ రోజుల సంగతులు గుర్తుండవు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు. బ్యాంకు కాగితాలు, తాళాల సంగతి ముందే రాసి ఉంచుకోండి.

అసలు జాగ్రత్త తేరుకున్నాక కావాలి. 2001లోనే వెలువడిన మరో అధ్యయనంలో, షాకులతో బాగుపడ్డాక ఏ మందూ లేని ఉత్తి మాత్రలు ఇచ్చినవారిలో నూటికి 84 మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. రెండు మందులు కలిపి వాడినవారిలో 39 మందికే. కాబట్టి అత్తగారు లేచి వంటింట్లోకి వచ్చినా సరే, డాక్టరుగారు చెప్పేదాకా మాత్రలు ఆపకండి.