ఉంగరం అడగని గుర్తింపు

‘అభిజ్ఞానం’ అంటే గుర్తింపు. గుర్తింపునకు ఆధారమైన ఆనవాలు కూడా. కాళిదాసు నాటకంలో ఆ ఆనవాలు ఉంగరమని అందరూ ఎరిగినదే. అయితే ‘అభిజ్ఞాన శాకుంతలం’ అయిదో అంకంలో ఉంగరంతో నిమిత్తం లేని గుర్తింపు ఒకటి ఉంది. వైద్యుడిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది అదే.

హంసపదిక పాట విన్న దుష్యంతుడు, ప్రియమైనవారి ఎడబాటు ఏదీ లేకున్నా తనకీ బెంగ ఎందుకని విస్తుపోతాడు. జన్మాంతర స్నేహాల జాడ కాబోలనుకుంటాడు. శకుంతలను నిరాకరించిన పిమ్మట కూడా, పెండ్లి జ్ఞప్తికి రాకపోయినా, తన హృదయవేదన ఆమె మాటను నమ్మమంటున్నట్లున్నదని ఒప్పుకుంటాడు. శాపం సంఘటనను మరపించింది గాని, ఎరుకను పూర్తిగా తుడిచివేయలేదు.

గుర్తుపట్టడంలో ఈ రెండు పాయలూ ఉన్నాయని మనస్తత్వశాస్త్రం చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలతో జ్ఞప్తికి రావడం స్మరణ. వివరమేదీ అందకున్నా ‘ఎరిగిన ముఖమే’ అనిపించడం పరిచయభావం. బస్సులో కనబడిన మనిషి తెలిసినవాడే అనిపించి, అతడు మాంసం కొట్టువాడని కాసేపటికి గాని స్ఫురించకపోవడాన్ని జార్జ్ మాండ్లర్ 1980లో ఉదాహరణగా చూపాడు. పుట్టుకప్పుడో చిన్ననాటనో హిప్పోకాంపస్ దెబ్బతిన్న ముగ్గురిని గురించి లండన్‌లోని ఫరానే వర్గా-ఖదెమ్ బృందం 1997లో ప్రకటించింది. వారికి దినచర్యలోని సంఘటనలు నిలవవు. చూసినదానిని గుర్తుపట్టే శక్తి మాత్రం చాలావరకు మిగిలింది. ఇవి వేర్వేరు ప్రక్రియలా, ఒకే జ్ఞాపకపు బలాబలాలా అన్న వాదం ఇంకా తెగలేదు. తేడా మాత్రం రోగి మంచం పక్కన స్పష్టంగా కనబడుతుంది.

అల్జీమర్స్ తొలి దశలో ఎక్కువగా దెబ్బతినేది స్మరణ. ఏడాదికొకసారి స్వదేశం వెళ్ళే మనం అలాంటి తల్లి ఎదుట నిలబడి, “నేనెవరినో చెప్పమ్మా” అని అడుగుతాం. అది ప్రేమతో పెట్టే పరీక్షే కావచ్చు. కానీ ఆమె పోగొట్టుకున్న ఉంగరాన్నే చూపమనడం అది. పేరు చెప్పలేక ఆమె చిన్నబోతుంది. మరచిపోయిందని మనం కుమిలిపోతాం.

పరిచయభావం మోసగించగలదు, నిజమే. సాక్ష్యానికీ సంతకానికీ అది చాలదు. ఆప్యాయతకు చాలు. “అమ్మా, నేను, నీ చిన్నకొడుకుని, వచ్చాను” అని మన పేరు మనమే చెప్పి పక్కన కూర్చుంటే, ఆమె వెదకవలసినదేమీ ఉండదు. చేయి పట్టుకుంటే, అంతవరకు ఆ గుర్తింపును గౌరవించినట్లే.