అంగన్‌వాడీ తిండి ఎఫెక్ట్ 15 ఏళ్ల తర్వాత కనిపించింది.. కానీ ఎముకల బలానికి ఆటే కావాలి! హైదరాబాద్ పక్క పల్లెల స్టడీ ఏం చెప్తోంది?

అంగన్‌వాడీలో పెట్టే ఒక పూట భోజనం.. ఒక గుడ్డు.. ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్. వీటిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. "దాంతో ఏం ఒరుగుతుందిలే" అనే మాట ఊళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. మరి ఆ తిండి తిన్న పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఎవరైనా చూశారా? చూశారు! అదీ ఎక్కడో కాదు, మన హైదరాబాద్ పక్కనే. ఒకటి రెండేళ్లు కాదు, దశాబ్దాల పాటు ఆ పల్లెల వెంటే ఉన్నారు. అందులో తేలిన విషయాలు తల్లిదండ్రులకు మంచి వార్తే. కానీ దాంతో పాటే ఒక హెచ్చరిక కూడా ఉంది.

అసలు ఏం జరిగింది?

కథ 1987లో మొదలైంది. తల్లులు, చిన్నారుల కోసం కేంద్రం తెచ్చిన ఐసీడీఎస్ పథకం అప్పటికి దేశమంతా అందుబాటులోకి రాలేదు. 1975 అక్టోబర్ 2న మొదలై, విడతల వారీగా ఒక్కో ప్రాంతానికి వెళ్తోంది. అంటే పక్కపక్క ప్రాంతాల్లోనే ఒకచోట పథకం ఉంది, ఇంకోచోట ఇంకా రాలేదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మనం ఎన్ఐఎన్ అంటామే, సరిగ్గా ఈ తేడానే పట్టుకుంది. ఇప్పటి రంగారెడ్డి జిల్లా పరిధిలోని 29 గ్రామాలను తీసుకున్నారు. 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అదనపు పోషకాహారం అందింది. మిగతా 14 గ్రామాల్లో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. 1990 వరకు ఇలా సాగింది.

ఇచ్చింది ఏమంత ఖరీదైన ఆహారం కాదు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో వండిన భోజనం. తల్లులకు రోజుకు 500 కేలరీల వరకు, పిల్లలకు 300 కేలరీల వరకు అందేలా చూశారు. పిల్లల వాటాలో ప్రొటీన్ 8 నుంచి 10 గ్రాములు. అంతే!

15 ఏళ్ల తర్వాత మళ్లీ అదే ఊళ్లకు..

2003-05 మధ్య పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన సంజయ్ కిన్రా, ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని ఇది. అప్పటి పసివాళ్లు ఇప్పుడు 13 నుంచి 18 ఏళ్ల టీనేజర్లు. 1,165 మందికి పరీక్షలు చేశారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

తేలిందేంటంటే..

* పోషకాహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ.
* వాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ దాదాపు 20 శాతం తక్కువ.
* వాళ్ల రక్తనాళాల్లో బిరుసుదనం కూడా తక్కువే.

మొదటి పాయింట్ చూసి "సెంటీమీటరున్నర కూడా లేదు కదా" అనిపించొచ్చు. అసలు సంగతి మిగతా రెండింటిలో ఉంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయకపోవడం. షుగర్ జబ్బుకు దారి పడేది అక్కడే. రక్తనాళాలు సాగే గుణం కోల్పోయి బిరుసెక్కితే గుండెపై భారం పెరుగుతుంది. అంటే కడుపులో ఉన్నప్పుడు, ఆరేళ్ల లోపు అందిన తిండి టీనేజ్ నాటికి షుగర్, గుండె జబ్బుల రిస్క్ మీద కూడా ప్రభావం చూపినట్టు కనిపించింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ పేషెంట్లు ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. అలాంటి దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బీపీ, కొలెస్ట్రాల్‌లో రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా ఏ ఊరికి తిండి, ఏ ఊరికి కాదు అన్నది లాటరీ తీసి నిర్ణయించింది కాదు. కాబట్టి తేడా మొత్తం తిండి వల్లే అని ఢంకా బజాయించి చెప్పలేం. కానీ పక్కపక్క పల్లెలు, ఒకే తరహా బతుకులు, ఇన్నేళ్ల తర్వాత కూడా కనిపించిన తేడా.. దీన్ని కొట్టిపారేయడమూ కష్టమే.

ట్విస్ట్ ఇక్కడే ఉంది!

ఆ పిల్లలు 20 ఏళ్లకు అటూ ఇటూగా వచ్చాక పరిశోధకులు మరోసారి వెళ్లారు. అప్పటికి ఈ స్టడీకి ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని పేరు వచ్చింది. షార్ట్‌గా ఏపీక్యాప్స్. ఈసారి వెయ్యి మందికి పైగా యువతకు డెక్సా స్కాన్ తీశారు. ఎముకల సాంద్రత, కండ ఎంతుందో చూశారు. చేతి పట్టు బలం కూడా కొలిచారు.

మరి చిన్నప్పుడు తిండి అందిన ఊళ్ల వాళ్లు ఇక్కడా ముందుంటారనే కదా అనుకుంటాం? లేదు! ఎముకల్లో, కండలో, చేతి పట్టులో రెండు గ్రూపులూ దాదాపు సమానంగానే ఉన్నాయి.

మరి ఎవరి ఎముకలు గట్టిగా ఉన్నాయి? ఆ వయసులో ఒంట్లో కండ ఎక్కువున్న వాళ్లవి. ఒంటి బరువు కాళ్ల మీద పడేలా నడిచే, పరుగెత్తే, పనిచేసే వాళ్లవి. ఎప్పుడో తిన్న ముద్ద కన్నా ఇప్పుడు ఒళ్లు కదుపుతున్నారా లేదా అన్నదే ఎముకతో ఎక్కువ ముడిపడి ఉంది.

రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చిన్ననాటి తిండి పునాది లాంటిది. కానీ పునాది వేసి వదిలేస్తే ఇల్లు లేవదు. తర్వాతి పదిహేనేళ్లు ఆట, కదలిక లేకపోతే ఎముక, కండ విషయంలో ఆ పునాది ఒక్కటే సరిపోదు. పథకాల దగ్గర మనం మర్చిపోతున్నది సరిగ్గా ఇదే. తిండికి అంగన్‌వాడీ ఉంది, బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. మరి ఆటకు ఎవరున్నారు?

ఇప్పుడు ఎందుకు మాట్లాడుకోవాలి?

ఎందుకంటే మన ఇళ్లలో ఇప్పుడు రెండు సమస్యలూ ఒకేసారి ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి.

* వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ల లోపు పిల్లలు: తెలంగాణలో 33 శాతం, ఏపీలో 31 శాతం.
* రక్తహీనత ఉన్న చిన్నారులు: తెలంగాణలో 70 శాతం, ఏపీలో 63 శాతం.
* అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు: తెలంగాణలో 30 శాతం, ఏపీలో 36 శాతం.

అంటే ఒకే ఇంట్లో బిడ్డకు రక్తం చాలదు, తల్లికి బరువు ఎక్కువ. కడుపు నిండుతోంది, పోషకాలు అందట్లేదు, ఒళ్లు కదలట్లేదు. 2016-18లో జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో అయితే 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి పది మందిలో ఒకరు షుగర్ జబ్బుకు ముందు దశలో ఉన్నట్టు తేలింది.

ఇది మన ఒక్కరి గోలే కాదు. 5 నుంచి 19 ఏళ్ల వయసులో, ప్రపంచం మొత్తం మీద ఊబకాయం ఉన్న పిల్లల శాతం మొదటిసారి తక్కువ బరువున్న పిల్లల శాతాన్ని దాటేసిందని 2025 సెప్టెంబర్‌లో యూనిసెఫ్ ప్రకటించింది. 9.4 శాతం వర్సెస్ 9.2 శాతం.

రోజుకు గంట.. అదీ ఆడట్లేదు!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అందులో వారానికి మూడు రోజులైనా ఎముకలు, కండరాలకు పని చెప్పే ఆటలు ఉండాలట. కానీ 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది ఆ గంట కూడా కదలట్లేదు. మన దేశంలో ఇది దాదాపు 74 శాతం. అంటే నలుగురిలో ముగ్గురు!

ఆడపిల్లల పరిస్థితి ఇంకా దారుణం. ప్రపంచవ్యాప్తంగా అబ్బాయిల్లో 78 శాతం మంది చాలినంత ఆడకపోతే, అమ్మాయిల్లో అది 85 శాతం. మన దగ్గర అయితే పెద్దమనిషి అయ్యిందంటే చాలు.. "ఇంకా ఆటలేంటే" అనే మాట మొదలవుతుంది. నిజానికి ఎముకలు గట్టిపడే అసలైన వయసు అదే. ఆ వయసులో ఆట ఆపేస్తే, నలభై యాభైల్లో మోకాళ్లు, నడుము పట్టుకుని కూర్చునేదీ ఆ ఆడబిడ్డే.

ఇక బడి సంగతి. పరీక్షలు దగ్గర పడగానే గేమ్స్ పీరియడ్ మ్యాథ్స్ సార్ చేతికి వెళ్లిపోవడం మనందరికీ తెలిసిందే. అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో నడిచే స్కూళ్లకు గ్రౌండే ఉండదు. కానీ 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో క్లాస్‌రూమ్, టాయిలెట్, తాగునీటితో పాటు ఆటస్థలం కూడా ఉంది. అంటే గ్రౌండ్ అనేది స్కూల్ దయ కాదు, పిల్లల హక్కు. అడ్మిషన్ అప్పుడు ఫీజు, ర్యాంకుల గురించి అన్ని ప్రశ్నలు వేసే మనం "గ్రౌండ్ ఎక్కడ? పీఈటీ సార్ ఉన్నారా?" అని ఎంతమందిమి అడుగుతున్నాం?

మరి ఏం చేయాలి?

పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఈ స్టడీ చెప్పే దారిలోనే వెళ్తే చాలు.

* గర్భం నుంచి ఆరేళ్ల వరకు: అంగన్‌వాడీ భోజనం వదలొద్దు. బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తే పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు కలిసి పంచుకోవడం మామూలే. అది ఆ పసిబిడ్డ వాటా అని గుర్తుపెట్టుకోండి. గుడ్డు కూడా అంతే.
* ఐదేళ్లు దాటాక: రోజుకు గంట ఆట తప్పనిసరి. కోచింగ్ అకాడమీనే అక్కర్లేదు. తొక్కుడుబిళ్ల, తాడాట, ఖోఖో, కబడ్డీ, ఏడుపెంకులాట.. ఇవన్నీ గెంతే, పరుగెత్తే ఆటలే. ఒంటి బరువు కాళ్ల మీద పడుతుంది, ఎముకకు కావాల్సింది అదే.
* ఆడపిల్లలకు: టీనేజ్‌లో ఆట ఆపించొద్దు. వీలైతే అమ్మ కూడా తోడు వెళ్లి నడిస్తే ఇద్దరికీ మేలు.
* ఇంట్లో తిండి: చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్ బదులు పల్లీ పట్టి, ఉడికించిన శనగలు, గుడ్డు, పండు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చే అలవాటు ఉంటే అక్కడి నుంచే తగ్గించండి.
* ఊళ్లో, కాలనీలో: ఖాళీ జాగా కనపడగానే షెడ్డు వేసేయకుండా పిల్లలకు వదలమని గ్రామసభలో, కాలనీ మీటింగులో అడగండి.

చివరగా..

రంగారెడ్డి పల్లెల పిల్లలు మనకు చెప్పింది ఒక్కటే. 300 కేలరీల మామూలు భోజనం కూడా పదిహేనేళ్ల తర్వాత గుర్తు మిగల్చగలదు. కానీ అక్కడితో మన బాధ్యత తీరిపోదు. గిన్నెలో ముద్ద పెట్టిన చెయ్యే సాయంత్రం గేటు తీసి పిల్లల్ని బయటికి పంపాలి. ఈ వార్త చదవడం అయిపోయింది కదా.. పిల్లలు పక్కనే ఉంటే ఫోన్ పక్కన పెట్టి, వాళ్లతో ఓ రౌండ్ బయటికి వెళ్లి రండి!